నర్సింగ్ స్కూల్‌లో చేరుతున్నారా? అప్లికేషన్ నింపే ముందు ఒక్కసారి ఆ ఆస్పత్రి వార్డులు చూసి రండి!

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు.. ఫోన్లు మొదలవుతాయి. ‘‘అమ్మా, మీ పాపకి నర్సింగ్‌లో సీటు ఉంది. ఆస్పత్రి మాదే, హాస్టల్ మాదే, కోర్సు అయ్యాక ఉద్యోగం కూడా మా దగ్గరే. రెండు రోజుల్లో అడ్వాన్స్ కట్టేయండి, సీటు బ్లాక్ చేస్తాం’’ అంటూ అవతలి గొంతు గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. ప్రభుత్వ నోటిఫికేషన్ ఇంకా రాలేదు, పక్కింటి వాళ్ల అమ్మాయి అప్పుడే ఏదో కాలేజీలో చేరిపోయింది. దాంతో ఇంట్లో కంగారు మొదలవుతుంది. డబ్బు కట్టేస్తారు.

ఆ ఫోన్‌లో చెప్పిన మూడు మాటల్లో అసలు చూడాల్సింది మొదటిదే.. ఆస్పత్రి. హాస్టల్ గదులు, కాలేజీ బిల్డింగ్, స్మార్ట్ క్లాస్‌రూమ్ అన్నీ ఆ తర్వాతే. ఎందుకంటే నర్సింగ్ అనేది పుస్తకం చదివి పరీక్ష రాస్తే వచ్చే చదువు కాదు. లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద నర్సింగ్ స్కూల్ మొదలైనప్పటి నుంచీ పద్ధతి ఇదే. పొద్దున క్లాసులో విన్నది వార్డులో పేషెంట్ దగ్గర చేసి చూడాలి. పేషెంట్లు లేని ఆస్పత్రిలో నర్సింగ్ చదవడమంటే నీళ్లు లేని బావిలో ఈత నేర్చుకున్నట్టే.

మరి ఏ కోర్సుకు అప్లై చేయాలి? అర్హతలేంటి? సంతకం పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

ముందు కోర్సుల సంగతి

నర్సింగ్ అనగానే చాలామంది అన్నీ ఒకటే అనుకుంటారు. కాదు. ఆస్పత్రికి అనుబంధంగా ఉండే నర్సింగ్ స్కూళ్లలో ఎక్కువగా నడిచేది జీఎన్‌ఎం.. అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లొమా. ఇంతకుముందు మూడున్నరేళ్లు ఉండేది, ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌తో కలిపి మూడేళ్లు. ఏఎన్‌ఎం రెండేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ.

జీఎన్‌ఎంకి ఉన్న పెద్ద సౌకర్యం ఏంటంటే.. బైపీసీ తప్పనిసరి కాదు. సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంపీసీ చదివిన వాళ్లు కూడా అప్లై చేయొచ్చు. ఇంటర్‌లో కనీసం 40 శాతం మార్కులు ఉండాలి, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చేసిన వాళ్లకూ దారి ఉంది. ఇప్పటికే ఏఎన్‌ఎంగా రిజిస్టర్ అయిన వాళ్లూ చేరొచ్చు. వయసు విషయానికొస్తే, చేరే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, 35 దాటకూడదు.

బీఎస్సీకి మాత్రం ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాల్సిందే. సైన్స్ సబ్జెక్టుల్లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు కావాలి. తెలంగాణలో ఈ సీట్లను వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఎంట్రెన్స్ ర్యాంకును బట్టి భర్తీ చేస్తుంది. ఏపీలో డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఇస్తుంది. బైపీసీ చదివి, ర్యాంకు వచ్చే అవకాశం ఉన్న అమ్మాయి నేరుగా బీఎస్సీకి వెళ్లడమే మేలు. ఇందులో మొహమాటం అక్కర్లేదు. జీఎన్‌ఎం చేసిన వాళ్లు తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చదివితే బీఎస్సీ డిగ్రీ వస్తుంది కానీ, మొత్తం ఐదేళ్లవుతుంది. ఆర్ట్స్ గ్రూప్ వాళ్లకు, మార్కులు కాస్త తక్కువ వచ్చిన వాళ్లకు, త్వరగా ఉద్యోగంలో చేరాల్సిన ఇళ్ల పిల్లలకు జీఎన్‌ఎం ఇప్పటికీ మంచి దారే. ఆ కోర్సు ఎత్తేస్తారన్న ప్రచారం కొన్నేళ్ల కింద గట్టిగానే నడిచింది. కోర్సు మాత్రం ఆగలేదు.

మిలిటరీ నర్సింగ్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. పుణెలోని ఏఎఫ్‌ఎంసీతో పాటు సైనిక ఆస్పత్రుల్లోని కాలేజీల్లో బీఎస్సీ నర్సింగ్ ఉంటుంది. పెళ్లికాని అమ్మాయిలకు మాత్రమే. 2022 నుంచి నీట్ స్కోరు తప్పనిసరి చేశారు. అంటే ఈ దారి అనుకునేవాళ్లు ఇంటర్ రెండో ఏడాదిలోనే నీట్‌కి అప్లై చేసి ఉండాలి. రిజల్ట్స్ వచ్చాక ఆలోచిస్తే లాభం లేదు.

‘ఆరు నెలల నర్సింగ్’తో జాగ్రత్త!

అసలు మోసం జరిగేది ఇక్కడే. పట్టణాల్లో చిన్న చిన్న నర్సింగ్ హోమ్‌లు, కొన్ని ట్రైనింగ్ సెంటర్లు ‘ఆస్పత్రిలోనే నర్సింగ్ ట్రైనింగ్.. 6 నెలలు, ఏడాది.. పదో తరగతి చాలు’ అని బోర్డులు పెడుతుంటాయి. యూనిఫాం వేయిస్తారు, ఇంజెక్షన్ చేయడం నేర్పిస్తారు, చివర్లో బంగారు రంగు అంచున్న సర్టిఫికెట్ చేతిలో పెడతారు. ఆ సర్టిఫికెట్‌తో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేకపోతే చట్టం ప్రకారం ఆమె నర్సు కాదు.

ఇందులో ఒక తేడా గమనించాలి. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ లాంటి స్కిల్ కోర్సులు నిజంగానే ఉన్నాయి. పేషెంట్‌ని లేపడం, స్నానం చేయించడం, తిండి పెట్టడం లాంటి పనులకు శిక్షణ ఇస్తారు. ఆ ఉద్యోగానికి ఆ కోర్సు సరిపోతుంది, తప్పేం లేదు. దాన్ని నర్సింగ్ అని చెప్పి డబ్బులు గుంజడమే తప్పు. పదేళ్లు ఆస్పత్రిలో పనిచేసినా, అందరూ సిస్టర్ అని పిలిచినా, రిజిస్ట్రేషన్ లేని మనిషికి ప్రభుత్వ నోటిఫికేషన్ వచ్చిన రోజు అప్లికేషనే పెట్టుకోవడానికి ఉండదు.

అందుకే కాలేజీ వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘‘కోర్సు పూర్తయ్యాక మా అమ్మాయికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్‌గా నంబర్ వస్తుందా?’’ దీనికి అవుననో కాదనో సూటిగా చెప్పాలి. ‘మా సర్టిఫికెట్‌కి అన్ని ఆస్పత్రుల్లో వాల్యూ ఉందమ్మా’ అని తిప్పి చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

గుర్తింపు ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా, కోర్సుల వారీగా లిస్టులు ఉంటాయి. తెలంగాణ, ఏపీ నర్సింగ్ కౌన్సిళ్ల దగ్గరా లిస్టు దొరుకుతుంది. కాలేజీ పేరుతో పాటు కోర్సు, సీట్లు, ఏ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో చూడాలి. బీఎస్సీకి అనుమతి ఉండి జీఎన్‌ఎంకి లేని చోట్లు ఉంటాయి. నిరుడు ఉండి ఈ ఏడాది లేకపోవచ్చు కూడా. గోడకు ఫ్రేమ్ కట్టి వేలాడదీసిన పాత లెటర్ చూసి నమ్మొద్దు.

బెంగళూరు వెళ్లే వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మన దగ్గర నుంచి ఏటా చాలామంది అక్కడి నర్సింగ్ కాలేజీలకు ఏజెంట్ల ద్వారా వెళ్తుంటారు. అక్కడి రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు మాత్రమే ఉండి, జాతీయ కౌన్సిల్ లిస్టులో లేకపోతే.. చదువు అయ్యాక హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో రిజిస్ట్రేషన్ మార్చుకునే దగ్గర చిక్కులు రావచ్చు. రెండు లిస్టుల్లోనూ పేరు ఉంటేనే బస్సెక్కండి.

ఆస్పత్రిని ఎలా చూడాలి?

నిబంధన ప్రకారం నర్సింగ్ స్కూల్‌కి కనీసం 100 పడకల సొంత ఆస్పత్రి ఉండాలి. దాన్నే పేరెంట్ హాస్పిటల్ అంటారు. కాగితం మీద 100 పడకలు చూపించడం పెద్ద పని కాదు. ఆ పడకల మీద మనుషులు ఉన్నారా అన్నదే ప్రశ్న. సగటున 75 శాతం పడకలు నిండి ఉండాలని, ప్రాక్టికల్స్‌లో ఒక్కో స్టూడెంట్‌కి ముగ్గురు పేషెంట్లు ఉండాలని కౌన్సిల్ చెప్తోంది. లెక్క సింపుల్. ఒక వార్డులో ఒకేసారి 10 మంది స్టూడెంట్స్‌ని వేస్తే, అక్కడ 30 మంది పేషెంట్లు ఉండాలి. మీరు వెళ్లిన రోజు వార్డులో ఐదుగురు పేషెంట్లు, వాళ్ల చుట్టూ పదిహేను మంది స్టూడెంట్స్ నిలబడి ఉంటే ఇక వేరే ఎంక్వైరీ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు కాలేజీ వాళ్లకు చెప్పకుండా, మామూలు మనుషుల్లా ఓపీ టైమ్‌లో వెళ్లండి. ఓపీలో జనం ఉన్నారా, ల్యాబ్ దగ్గర క్యూ ఉందా, మందుల షాపు దగ్గర రద్దీ ఉందా చూస్తే సగం తెలిసిపోతుంది. క్యాంటీన్‌లోనో, బస్టాప్‌లోనో సీనియర్ స్టూడెంట్స్ కనిపిస్తే ఐదు నిమిషాలు మాట్లాడండి. కౌన్సెలింగ్ డెస్క్ దగ్గర దొరకని నిజాలు అక్కడ దొరుకుతాయి.

ఏం అడగాలి? లేబర్ రూమ్ గురించి అడగండి. జీఎన్‌ఎంలో మిడ్‌వైఫరీ సగం ప్రాణం. స్టూడెంట్ స్వయంగా కాన్పులు చేయించి, వాటి వివరాలు కేస్ బుక్‌లో రాసి, సిస్టర్‌తోనో ట్యూటర్‌తోనో సంతకం చేయించుకోవాలి. గుండె ఆపరేషన్లకో, ఎముకలకో పేరున్న ప్రైవేట్ ఆస్పత్రిలో కాన్పులు తక్కువగా ఉండొచ్చు. అలాంటప్పుడు స్టూడెంట్స్‌ని ఎక్కడికి పంపిస్తున్నారు? ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రితో ఒప్పందం ఉందా? బస్సు ఎవరిది? మానసిక ఆరోగ్య విభాగం పోస్టింగ్ కోసం బయటి ఆస్పత్రికి వెళ్లడం మామూలే. హైదరాబాద్ వాళ్లు ఎర్రగడ్డ, విశాఖ వాళ్లు అక్కడి మానసిక వైద్యశాల అంటారు. అది లోపం కాదు. అన్ని పోస్టింగులకూ బయటికే వెళ్తున్నామని చెప్తే మాత్రం ‘ఆస్పత్రి మాదే’ అన్న మాటకు అర్థం లేనట్టే.

ఇంకోటి, ఇది చాలామంది అడగరు: నైట్ డ్యూటీలో వార్డులో స్టాఫ్ సిస్టర్లు ఎంతమంది ఉంటారు? నైట్ డ్యూటీ చేయడం శిక్షణలో భాగమే. కానీ స్టాఫ్‌ని తగ్గించుకుని, రెండో ఏడాది స్టూడెంట్ మీద వార్డు మొత్తం వదిలేసే ఆస్పత్రులు ఉంటాయి. అక్కడ చదువు పేరు మీద జరిగేది జీతం లేని ఉద్యోగం. పేషెంట్‌కి ఏదైనా జరిగితే ఆ పిల్ల తల మీదకు వస్తుంది. నేర్పించే వాళ్ల సంఖ్య కూడా చూడండి. పది మంది స్టూడెంట్స్‌కి ఒక ట్యూటర్ ఉండాలన్నది లెక్క.

ప్రభుత్వ ఆస్పత్రుల స్కూళ్ల విషయంలో ఈ బెంగ ఉండదు. పెద్దాస్పత్రిలో పేషెంట్లకు కొదవ లేదు. బిల్డింగ్ పాతది కావచ్చు, హాస్టల్ ఇరుకుగా ఉండొచ్చు, కానీ అక్కడ మూడేళ్లు చేసిన అమ్మాయికి చూడని కేసు ఉండదు. పైగా ఫీజు తక్కువ, నెల నెలా స్టైపెండ్ ఇస్తారు. కాబట్టి ప్రైవేట్‌లో అడ్వాన్స్ కట్టే ముందు ప్రభుత్వ సీటుకి అప్లై చేయడం మాత్రం మర్చిపోవద్దు.

అప్లికేషన్ ఎలా?

జీఎన్‌ఎంకి రెండు రాష్ట్రాల్లోనూ వైద్య విద్య డైరెక్టరేట్.. అంటే డీఎంఈ నోటిఫికేషన్ ఇస్తుంది. ఇంటర్ మార్కుల మెరిట్, రిజర్వేషన్, లోకల్ స్టేటస్ చూసి సీట్లు ఇస్తారు. ఈ నోటిఫికేషన్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ లాగా జూన్, జులైలోనే రాదు, కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఖాళీలోనే ఏజెంట్లకు పండగ. ప్రైవేట్ స్కూళ్లలో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అని ఉంటాయి. ఏ కోటాలో సీటు వచ్చిందో రాతపూర్వకంగా తీసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం దాని మీదే తేలుతుంది. కొన్ని స్కూళ్లలో సీట్లు అమ్మాయిలకే ఉంటాయి. అబ్బాయిలు నోటిఫికేషన్‌లో ఆ లైన్ చూసి గానీ ఫీజు కట్టొద్దు.

కాగితాల విషయంలో లాస్ట్ మినిట్ పరుగులు వద్దు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్, ఫొటోలు, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్.. ఇవి దాదాపు ప్రతిచోటా అడుగుతారు. మధ్యలో స్కూల్ మారిన పిల్లలకు స్టడీ సర్టిఫికెట్ల దగ్గరే ఆలస్యం జరుగుతుంది, మూతపడ్డ ప్రైవేట్ స్కూల్ అయితే మరీనూ. కాబట్టి నోటిఫికేషన్ కోసం చూస్తూ కూర్చోకుండా ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోలో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. తర్వాత నర్సింగ్ కౌన్సిల్‌లో, పాస్‌పోర్టులో అదే పేరు నడుస్తుంది.

అడ్మిషన్లకు చివరి తేదీ ఒకటి ఉంటుంది. అది దాటాక ‘పాత తేదీ వేసి చేర్చుకుంటాం’ అని చెప్తే ఒప్పుకోవద్దు. ఆ అడ్మిషన్‌ని బోర్డు ఒప్పుకోకపోతే పరీక్ష రాసే సమయానికి హాల్ టికెట్ రాదు.

ఒరిజినల్స్, బాండ్.. ఇక్కడే ఇరుక్కుంటారు

చేరిన రోజు హడావుడిలో ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఇచ్చేసి వస్తారు. మధ్యలో మానేయాలన్నా, వేరే చోట మంచి సీటు వచ్చినా ‘మూడేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి’ అంటారు. కోర్సు అయ్యాక ‘మా ఆస్పత్రిలో రెండేళ్లు పనిచేస్తేనే ఇస్తాం’ అనే వాళ్లూ ఉన్నారు. చూసి, జిరాక్స్‌లు తీసుకుని తిరిగి ఇచ్చేయమని అడగండి. బాండ్ పేరుతో నర్సింగ్ స్టూడెంట్స్ సర్టిఫికెట్లు పట్టుకోవద్దని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ఏయే సర్టిఫికెట్ ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో స్టాంపుతో రసీదు తీసుకోండి.

బాండ్ అనగానే భయపడాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వ సీట్లకు, మిలిటరీ నర్సింగ్‌కి, కొన్ని మిషన్ ఆస్పత్రులకు చదువు తక్కువ ఖర్చుతో చెప్పినందుకు ఇంతకాలం పనిచేయాలన్న షరతు ఉంటుంది. అది ముందే నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. పూర్తి ఫీజు వసూలు చేసి, ఆ పైన బాండ్ రాయించుకునే చోటే ఆగి ఆలోచించాలి. ఎన్నేళ్లు, జీతం ఎంత, మధ్యలో మానేస్తే కట్టాల్సింది ఎంత.. ఈ మూడూ కాగితం మీద అంకెల్లో ఉండాలి. ఖాళీ స్టాంప్ పేపర్ మీద సంతకం అడిగితే పెట్టొద్దు.

జీతం విషయంలో ఒక విషయం తెలిసి ఉంటే బేరమాడొచ్చు. ప్రైవేట్ నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 100 దాటితే 10 శాతానికి మించి, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదని, 50 లోపు పడకలున్న చోట కూడా కనీసం 20 వేలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫార్సు చేసింది. అమలు రాష్ట్రాల చేతుల్లో ఉండటంతో చాలా చోట్ల అది కాగితాలకే పరిమితమైంది. అయినా ‘కోర్సు అయ్యాక ఉద్యోగం గ్యారంటీ’ అనే ఆస్పత్రిలో ఇప్పుడు కొత్త సిస్టర్‌కి చేతికొచ్చే జీతం ఎంతో కనుక్కుంటే ఆ గ్యారంటీ విలువ తెలిసిపోతుంది.

తర్వాత ఉద్యోగాల మాటేంటి?

తెలంగాణలో 2022 చివర్లో 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత అవి 7,094కి పెరిగాయి. అలాంటి పోస్టులకు జీఎన్‌ఎం వాళ్లూ, బీఎస్సీ వాళ్లూ పోటీ పడొచ్చు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌లో మాత్రం తేడా ఉంది. బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. వీధి చివర పది పడకల నర్సింగ్ హోమ్‌లో నాలుగేళ్లు చేసినా ఆ లెక్కలోకి రాదు.

విదేశాలకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే మళ్లీ ఆస్పత్రి దగ్గరికే వస్తాం. అమెరికా లాంటి దేశాలకు అప్లై చేసినప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతారు. పిల్లల వార్డులో ఎన్ని గంటలు, ప్రసూతిలో ఎన్ని గంటలు, మానసిక విభాగంలో ఎన్ని గంటలు చేశారో స్కూల్ రాసి పంపాలి. రికార్డులు సరిగ్గా పెట్టని స్కూల్‌లో చదివిన వాళ్లు పదేళ్ల తర్వాత ఈ కాగితం కోసం తిరుగుతుంటారు. జర్మనీకైతే భాష నేర్చుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వెళ్లే దారి ఉంది, ఏజెంట్ల కన్నా ముందు అక్కడ అడగండి.

అన్నీ చూసుకుని చేరిపోయారా? అయితే రెండు సంగతులు. ప్రతి సబ్జెక్టులో థియరీకీ, ప్రాక్టికల్స్‌కీ 80 శాతం హాజరు ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. డిప్లొమా చేతికి రావాలంటే ప్రాక్టికల్స్ హాజరు 100 శాతం పూర్తి కావాలి. పెళ్లిళ్లకీ, జాతరలకీ పోయిన రోజులు చివర్లో వార్డులో తిరిగి చేయాల్సిందే. రెండోది హెపటైటిస్ బి టీకా. వార్డులో సూదులతో, రక్తంతో పని కాబట్టి ఇది వేయించుకోకుండా వెళ్లొద్దు. మొత్తం మూడు డోసులు. మొదటిది వేయించుకున్న నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. సీటు కన్ఫర్మ్ అయిన వారంలోనే మొదటి డోసు వేయించేసుకుంటే, వార్డు పోస్టింగులు మొదలయ్యే సరికి కనీసం రెండు డోసులు పూర్తవుతాయి.